‘హైదరాబాద్ నెం. 12ఏ’ దాకా: కష్టమైన విమానం కిట్‌ను కట్టే పద్ధతి

లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఒక పాత విమానం ఉంది. కింద ఒకటి పైన ఒకటిగా రెండు వరసల రెక్కలు, చెక్క చట్రం మీద బిగించిన గుడ్డ, ముందు లిబర్టీ ఇంజిన్. దాని పేరు డీహెచ్ 9ఏ. అప్పటి పైలట్లు ముద్దుగా ‘నైనాక్’ అని పిలిచేవాళ్లు. ఈ విమానం పేరు ‘హైదరాబాద్ నెం. 12ఏ’. 1918లో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్ విమానాలకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. అందుకే వాటి మీద మన ఊరి పేరు రాశారు. ఎఫ్1010 అనే సీరియల్ నంబరు ఉన్న ఈ విమానం 1918 అక్టోబరులో జర్మనీ మీద దాడికి వెళ్లి అక్కడే చిక్కిపోయింది. తర్వాత పోలండ్‌లోని మ్యూజియానికి చేరింది. 1977లో స్పిట్‌ఫైర్ అనే యుద్ధ విమానం ఒకటి ఇచ్చి దీన్ని లండన్‌కు తెచ్చుకున్నారు.

మన ఊరి పేరున్న ఈ విమానాన్ని చిన్న ప్లాస్టిక్ నమూనాగా కట్టి నా బల్ల మీద నిలబెట్టాలన్న కోరికే నన్ను కష్టమైన కిట్ల వైపు లాగింది. రెండు మూడు సులువైన కిట్లు పూర్తి చేసి, ఇక పెద్ద మెట్టు ఎక్కాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు అర్థమైంది ఒక్కటే. సులువైన కిట్‌లో ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో కంపెనీవాళ్లే మన బదులు ఆలోచించి పెడతారు. కష్టమైన కిట్‌లో ఆ ఆలోచన మనం చేయాలి, అదీ గ్లూ సీసా మూత తీయకముందే. చేతి నైపుణ్యం దానంతట అదే వస్తుంది. ముందే చూసుకునే అలవాటు మాత్రం పట్టుబట్టి నేర్చుకోవాలి.

ఏ కిట్‌తో మొదలుపెట్టాలి

నేరుగా నైనాక్ మీదికి వెళ్లకండి. 1/32 స్కేల్లో, అంటే నిజం విమానంలో 32వ వంతు సైజులో, దాన్ని తెచ్చిన న్యూజిలాండ్ సంస్థ వింగ్‌నట్ వింగ్స్ 2020లో మూతపడింది. ఆ కిట్లు ఇప్పుడు చేతులు మారుతూ చాలా ఖరీదుకు దొరుకుతున్నాయి. పైగా ఆ స్కేల్లో రెక్కల వెడల్పే దాదాపు 44 సెంటీమీటర్లు. ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోవాలి.

మధ్యలో మంచి మెట్లు ఉన్నాయి, అవీ మన ఊరివే. రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ పేరుతో రెండు స్క్వాడ్రన్లు ఉండేవి. 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు నడిపింది, విమానాల మీద రాసే దాని గుర్తు అక్షరాలు యూఎం. 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ హరికేన్లు నడిపింది, దాని అక్షరాలు ఎస్‌డబ్ల్యూ. ఈ రెండు విమానాలకూ 1/72లో, 1/48లో కిట్లు సులువుగా దొరుకుతాయి. మొదట ఒక హరికేన్, ఆ తర్వాత ఏదైనా చిన్న సంస్థ తక్కువ సంఖ్యలో వేసిన షార్ట్ రన్ కిట్, ఆ తర్వాతే రెండు వరసల రెక్కలు, తీగలు ఉన్న విమానం. ఈ వరస నాకు బాగా పనికొచ్చింది.

జెట్లు ఇష్టమైతే 1/48లో ఎడ్యువార్డ్ అనే కిట్ల కంపెనీ వాళ్ల మిగ్-21 మంచి పరీక్ష. ముక్కలు చక్కగా కూర్చుంటాయి, కానీ కాక్‌పిట్‌లో సన్నటి లోహపు రేకుల పని ఎక్కువ. 1963లో మన వైమానిక దళంలో చేరి, 2025 సెప్టెంబరు 26న సెలవు తీసుకున్న విమానం అది. దాని మీద ప్రేమ ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది.

బల్ల మీదికి ఏం కావాలి

కిట్లు, రంగులు, మంచి సైడ్ కట్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా ఖర్చులో కలుపుకోండి. మిగతా సామాను చాలావరకు ఊళ్లోనే దొరుకుతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో 400, 600, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్ అడగండి. తడిపి రుద్దే రకం అదే. సన్నటి డ్రిల్ బిట్లు, చిన్న బిగింపులు కూడా అక్కడే. మెడికల్ షాపులో సిరంజిలు, సూదులు తీసుకోండి. సూది మొన కోసి నున్నగా రుద్దితే తుపాకి గొట్టం తయారు. పాత కరెంటు వైరు ఒలిస్తే లోపలి రాగి పోగులు కాక్‌పిట్ గొట్టాలకు పనికొస్తాయి. లాడ్ బజార్‌లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో దారాల షాపులు తిరిగితే కంటికి కనపడనంత సన్నటి నైలాన్ దారం దొరుకుతుంది. అది చివర్లో చాలా అవసరం.

గ్లూ మూడు రకాలు ఉంచుకోండి. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పల్చటి సిమెంట్, రెజిన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం) ముక్కలకూ లోహపు రేకులకూ ఫెవిక్విక్ రకం గ్లూ, అద్దాల ముక్కలకు ఫెవికాల్ లాంటి తెల్ల గ్లూ. ఫెవిక్విక్ ఆవిరి తగిలితే కాక్‌పిట్ అద్దం మీద తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. అందుకే అద్దం దగ్గరికి దాన్ని రానివ్వకూడదు.

మొదటి సాయంత్రం: ఏదీ అతికించొద్దు

పెట్టె తెరవగానే ముక్కలన్నీ కాగితంతో సరిచూసుకోండి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, ముక్కలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలన్నీ పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా కడగండి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి వాడిన నూనె మీద ఉండిపోతే రంగు పట్టదు. వేడినీళ్లు మాత్రం వద్దు. సన్నటి ముక్కలు వంగిపోతాయి. ఇంకో మాట, మే నెలలో కిట్ పెట్టెను కారులో వదిలేయొద్దు. ఎండలో నిలిపిన కారులో పెద్ద రెక్కలు మెలితిరిగే ప్రమాదం ఉంది.

ఇక అసలు పని. పెద్ద ముక్కలను, అంటే విమానం ఒంటి రెండు సగాలు, రెక్కలు, తోక, మాత్రమే కోసి శుభ్రం చేయండి. కట్టర్‌ను ముక్కకు ఆనించి కోయొద్దు. మొదట రెండు మిల్లీమీటర్ల దూరంలో కోసి, మిగిలిన మొద్దును రెండోసారి కోసి, ఆ తర్వాత 400 పేపర్‌తో రుద్దండి. షార్ట్ రన్ కిట్‌లో ఆ మొద్దులు లావుగా ఉంటాయి. తొందరపడితే ముక్క అంచు కూడా చీలుతుంది.

తర్వాత మాస్కింగ్ టేపుతో మొత్తం విమానాన్ని గ్లూ లేకుండా నిలబెట్టండి. కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకుని జవాబులు వెతకండి. రెండు సగాలు ఎక్కడ కలవడం లేదు? రెక్క ఒంటికి ఆనే చోట సందు ఎంత? కాక్‌పిట్ పెట్టాక సగాలు మూసుకుంటున్నాయా? ముందు నుంచి చూస్తే రెండు రెక్కలూ సమానంగా లేస్తున్నాయా? నా మొదటి షార్ట్ రన్ కిట్‌లో ఈ పని చేయలేదు. కాక్‌పిట్ అంతా మూడు వారాలు రంగులు వేసి, మూసే రోజు చూస్తే రెండు సగాల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు. లోపలి గోడ మీద అచ్చు నుంచి మిగిలిన మొద్దులు కాక్‌పిట్‌ను అడ్డుకుంటున్నాయి. రంగు వేసిన కాక్‌పిట్‌ను రుద్దడం కన్నా బాధ ఇంకోటి లేదు.

ఆ కాగితం చూసుకుని, కిట్‌తో వచ్చిన సూచనల వరసను మీరే మార్చుకోండి. చక్రాలు, గొట్టాలు, యాంటెన్నాల లాంటి సన్నటివన్నీ చివరికి నెట్టండి. సూచనల్లో అవి మధ్యలో ఉన్నా పట్టించుకోవద్దు.

కాక్‌పిట్, ముక్కు బరువు

కాక్‌పిట్ ఎంత ఆశ పెడుతుందో మనందరికీ తెలుసు. మూసేశాక ఏది కనిపిస్తుందో ముందే టార్చి వేసి చూసి, అంతవరకే శ్రద్ధ పెట్టండి. సీటు బెల్టులు, డయల్స్ కనిపిస్తాయి. నేల దాదాపు కనపడదు. లోహపు రేకుల ముక్కలను కోసేటప్పుడు గాజు పలక లాంటి గట్టి ఆధారం కింద పెట్టుకోండి. మెత్తటి దాని మీద కోస్తే రేకు వంగుతుంది, ముక్క ఎగిరిపోతుంది. రెజిన్ ముక్కలను ఎప్పుడూ తడిపే రుద్దాలి, మాస్క్ పెట్టుకోవాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ముందు చక్రం ఉన్న విమానం అయితే, అంటే మిగ్-21, నాట్ లాంటివి, ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడుతుంది. సైకిల్ షాపులో దొరికే బేరింగ్ గోళీలు దీనికి బాగా పనికొస్తాయి. టేపుతో నిలబెట్టిన విమానాన్ని వెనక చక్రాలు వచ్చే చోట రెండు వేళ్ల మీద ఆనించి చూడండి. ముక్కు కిందికి వాలేదాకా గోళీలు వేసి, ఇంకో రెండు కలపండి. తర్వాత వేసే రంగు, తోక ముక్కల బరువు కూడా ఉంటుంది. గోళీలను ఎరాల్డైట్‌తో బిగించండి. సీసం గుళ్లు వాడితే ఫెవికాల్ రకం గ్లూతో అస్సలు కలపొద్దు. మూసిన చోట అవి రెండూ కలిసి నెలల తర్వాత ఉబ్బి విమానం ఒంటిని పగలగొట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఒంటిని మూయడం

షార్ట్ రన్ కిట్లలో ఒక సగాన్ని ఇంకో సగంతో కలిపే పిన్నులు ఉండవు. ప్లాస్టిక్ షీటు నుంచి అర సెంటీమీటరు ముక్కలు కోసి, ఒక సగం లోపలి అంచున ఐదారు చోట్ల అతికించండి, సగం బయటికి కనిపించేలా. ఇప్పుడు రెండో సగం వాటి మీద కూర్చుంటుంది, మెట్టు పడదు.

మొత్తం ఒకేసారి అతికించకండి. మూడు సెంటీమీటర్ల చొప్పున వెళ్లండి. రెండు అంచులూ కలిపి పట్టుకుని, పల్చటి సిమెంట్ బ్రష్‌ను సందుకు తాకిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. పది పదిహేను నిమిషాలు వేళ్లతో, టేపుతో పట్టి ఉంచి, గట్టిపడ్డాక తర్వాతి మూడు సెంటీమీటర్లు. కాక్‌పిట్ వెనక వీపు భాగంతో మొదలుపెట్టండి. కంటికి మొదట కనిపించేది అదే కాబట్టి అక్కడ తేడా రాకూడదు. ఎక్కడో ఒక చోట సందు తప్పదు అనుకుంటే, ఆ తప్పును మీరే కడుపు కిందికి నడిపించండి. అక్కడ పుట్టీ పెట్టి రుద్దడం సులువు, చూసేవాళ్లూ తక్కువ.

రెక్క వెనక అంచులు లావుగా ఉంటాయి. పైముక్క, కిందిముక్క కలపకముందే లోపలి వైపు నుంచి రుద్ది పల్చన చేయండి. ఈ ఒక్క పని విమానాన్ని బొమ్మలా కాకుండా విమానంలా చూపిస్తుంది. రెక్క ఒంటికి ఊరికే ఆనుకునే రకం అయితే రెండు వైపులా 0.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఇత్తడి తీగ ముక్కను దూర్చండి. కోణం తప్పకుండా ఫోమ్ బోర్డుతో ఊతం కట్టుకుని రాత్రంతా వదిలేయండి. థర్మాకోల్ వద్దు, సిమెంట్ తగిలితే కరిగిపోతుంది.

సందులకు ఏ పుట్టీ పడితే అది కాదు. వెంట్రుకంత సందుకు మిస్టర్ సర్ఫేసర్ 500 అనే ద్రవం చాలు. పెద్ద సందుకు ప్లాస్టిక్ షీటు చీలికే పెట్టండి. పుట్టీ ఎండాక కుంగిపోతుంది, ప్లాస్టిక్ కుంగదు. ఫెవిక్విక్‌లో టాల్కమ్ పౌడర్ కలిపిన ముద్ద కూడా చాలా బాగుంటుంది, కానీ అదే సాయంత్రం రుద్దేయాలి. మర్నాటికి అది ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, రుద్దితే పక్కన ప్లాస్టిక్ అరుగుతుంది, అది మాత్రం అరగదు.

రుద్దడం అయ్యాక బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు కోటు) పల్చగా కొట్టి పక్కనుంచి వెలుతురు పడేలా చూడండి. దాగిన గీతలన్నీ అప్పుడే బయటపడతాయి. రెండు మూడుసార్లు తిరిగి రుద్దాల్సి రావడం మామూలే.

మన ఎండ, మన వాన, రంగు

గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ గురించి అందరూ చెప్పేది ఒకటే. 0.3 మిల్లీమీటర్ల ముక్కు, 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి, పాలంత పల్చగా రంగు. కానీ అవన్నీ వేరే ఊళ్ల వాతావరణం చూసి రాసిన లెక్కలు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీల్లో యాక్రిలిక్ రంగు కొడితే రంగు గాల్లోనే ఎండి, విమానం మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. ఎయిర్‌బ్రష్ ముక్కు నిమిషానికోసారి బిగుసుకుంటుంది. ఆ నెలల్లో పొద్దున్నే ఆరులోపు కొట్టండి. రంగు త్వరగా ఎండకుండా చేసే రిటార్డర్ ఒకటి రెండు చుక్కలు ఎక్కువ వేయండి, విమానానికి ఇంకాస్త దగ్గరగా పట్టండి. నేను మే నెలలో రుద్దడం, అతికించడమే పెట్టుకుంటాను.

జూలై, ఆగస్టుల్లో సమస్య తలకిందులు. వాన కురుస్తున్నప్పుడు ల్యాకర్ రకం రంగు కొడితే గాలిలో తేమ రంగులో చిక్కుకుని తెల్లటి మచ్చలు వస్తాయి. ముఖ్యంగా మెరిసే క్లియర్ కోటు మీద. కంప్రెసర్‌కు తేమ పట్టే గిన్నె తప్పనిసరి, అందులో నీళ్లు నిండాయేమో గంటకోసారి చూడండి. మచ్చలు వస్తే కంగారు పడొద్దు. పొడిగా ఉన్న రోజు థిన్నర్ ఎక్కువ కలిపిన పల్చటి కోటు కొడితే చాలాసార్లు పోతాయి. నాకు అన్నిటికన్నా మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి.

అపార్ట్‌మెంట్‌లో ల్యాకర్ కొట్టేవాళ్లు బయటికి గాలి నెట్టే ఫ్యాన్ ఉన్న బూత్ పెట్టుకోండి. కార్ట్‌రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కొనండి. మామూలు గుడ్డ మాస్క్ ఆవిరిని ఆపదు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

నైనాక్ లాంటి మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ విమానాలకు పైన పీసీ10 అనే ముదురు ఖాకీ ఆకుపచ్చ, కింద రంగు వేయని గుడ్డ ఛాయ. కింది లేత రంగు మొదట కొట్టి, అంచులకు టేపు వేసి పైరంగు కొట్టండి.

డెకల్స్

మెరిసే క్లియర్ కోటు లేకుండా డెకల్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల బొమ్మ) పెట్టొద్దు. గరుకు ఉపరితలం మీద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో 15 సెకన్లు ముంచి తీసి, టిష్యూ మీద నిమిషం ఆగండి. మైక్రో సెట్ అనే ద్రవం రాసిన చోట జార్చి, ఆరాక డెకల్‌ను మెత్తబరిచే మైక్రో సాల్ వేయండి. అప్పుడు డెకల్ ముడతలు పడుతుంది. గుండె ఆగినంత పనవుతుంది కానీ వేలు పెట్టకండి, అదే సర్దుకుంటుంది. పాత కిట్ డెకల్స్ పసుపెక్కితే ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి అతికించండి. మన ఎండకు కొన్ని వారాల్లో తెల్లబడతాయి. వాడేముందు అవసరం లేని ఒక డెకల్‌ను నీళ్లలో వేసి చూడండి. ముక్కలైతే, మిగతా వాటి మీద క్లియర్ కోటు కొట్టాకే వాడాలి.

పై రెక్క, తీగలు

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నైనాక్‌కు రెండు పక్కలా రెక్కల మధ్య రెండేసి జతల స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా నిలువుగా తీగలు. నిజం విమానంలో ఆ తీగలే రెక్కల బరువు మోసేవి.

పని రంగు వేయకముందే మొదలవుతుంది. టేపుతో విమానాన్ని నిలబెట్టి, ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికో ఫొటో చూసి పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. 0.3 మిల్లీమీటర్ల బిట్‌తో పై రెక్క అడుగున సగం లోతు రంధ్రాలు, కింది రెక్కలో అవతలికి వచ్చేలా రంధ్రాలు వేయండి. అప్పుడే రంగు, డెకల్స్ అన్నీ పూర్తి చేయండి. పై రెక్కను మాత్రం విడిగానే ఉంచండి. రెండు రెక్కలు కలిపాక లోపల బ్రష్ ఆడదు.

పై రెక్క రంధ్రాల్లో సన్నటి నైలాన్ దారం ముక్కలు ఫెవిక్విక్‌తో నాటండి, ఒక్కోటి కావాల్సిన దానికన్నా రెండింతలు పొడుగు. మర్నాడు ఫోమ్ బోర్డు ఊతం మీద పై రెక్కను తలకిందులుగా పెట్టి, దాని మీద విమానాన్ని కూడా తలకిందులుగా దించి స్తంభాలు అతికించండి. స్తంభాలు ఒక రోజంతా గట్టిపడనివ్వండి. ఈ ఒక్క రోజు ఆగితే రెక్క ఎప్పటికీ ఒరగదు.

తర్వాత దారాలను కింది రెక్క రంధ్రాల్లోంచి లాగండి. ఒంటికి దగ్గరున్న వాటితో మొదలుపెట్టి బయటికి వెళ్లండి, లేకపోతే చెయ్యి తగిలి అయినవి తెగుతాయి. కొసకు బట్టల క్లిప్పు తగిలిస్తే దాని బరువుకు దారం బిగుస్తుంది. సూది మొనతో చిన్న చుక్క గ్లూ పెట్టి, ఎండాక కొత్త బ్లేడుతో కోసి, కింద ఆ చుక్క మీద గుడ్డ ఛాయ రంగు తాకించండి. ఏదైనా తీగ వదులుగా మిగిలితే ఊదిన అగరుబత్తి నిప్పును అంగుళం కింద నుంచి మెల్లగా నడిపించండి. వేడికి నైలాన్ ముడుచుకుని తీగలా బిగుస్తుంది. తాకితే తెగిపోతుంది కాబట్టి ముందు పనికిరాని దారం మీద రెండుసార్లు సాధన చేయండి. రోజుకు ఆరేడు తీగలకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు.

నిలబెట్టాక

చక్రాలు, ప్రొపెల్లర్, గాజు తెర ఇప్పుడు పెట్టండి. మ్యాట్ కోటు గాజు తెరకు ముందే కొట్టి ఉండాలి. తీగలున్న విమానాన్ని దుమ్ము పట్టనిస్తే తర్వాత తుడవడం దాదాపు అసాధ్యం. అందుకే మొదటి రోజే అడుగు బల్లతో సహా యాక్రిలిక్ పెట్టె చేయించండి. పడమటి కిటికీకి ఎదురుగా పెట్టొద్దు, ఎండకు డెకల్స్ వెలిసిపోతాయి. ఇల్లు మారేటప్పుడు ఆ పెట్టెను లారీలో ఎక్కించకుండా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి.